పెరటి తలుపుకి కుక్కదారి పెట్టించేసరికి

మొన్న రాత్రి మా ఇంట్లో ఎవరూ మధ్యలో నిద్ర లేవలేదు. ఇది ఎంత పెద్ద విషయమో కుక్కనీ పిల్లినీ పెంచేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కుక్కకీ పిల్లికీ పెరటి తలుపులో దారి పెట్టించడానికి పడ్డ పాట్ల మీద కోపం చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పెంకుటిల్లు ఉన్నన్నాళ్లూ పిల్లికి తలుపు కావాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. చూరు సందులోంచి వచ్చేది, అటక మీద పిల్లల్ని పెట్టేది, తూములోంచి పోయేది. ఆ మండువా తీసేసి స్లాబు వేశాం, కిటికీలన్నిటికీ దోమల మెష్ కొట్టించాం. దోమలతోపాటు పిల్లికీ దారి మూసుకుపోయింది. దానికితోడు మా అబ్బాయి హైదరాబాద్ ఉద్యోగానికి పోతూ వీధిలో దొరికిన కుక్కపిల్లని మాకు అంటగట్టిపోయాడు. ఇప్పుడది భుజం దగ్గర 19 అంగుళాల ఎత్తు. తెల్లవారుజామున నాలుగింటికి బయటికి పోవాలంటుంది. అది వచ్చి పడుకునే వేళకి పిల్లి మొదలుపెడుతుంది. "నువ్వెళ్లు" అంటే "నువ్వెళ్లు" అని మా ఆయనా నేనూ మంచం మీదే తగువు.

సరే, పెట్ డోర్ కొందామనుకున్నాం. అంటే తలుపుకి కన్నం పెట్టి బిగించే చిన్న రెక్క, జంతువు తోస్తే తెరుచుకుని దానంతటదే మూసుకుంటుంది. ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి కొనకండి, టేపు పట్టుకుని కొనండి. జంతువు ఒంట్లో ఎక్కువ వెడల్పు ఎక్కడుందో అక్కడ కొలిచి, రెండు అంగుళాలు కలుపుకోవాలి. ఎత్తు భుజం కన్నా ఓ అంగుళమో రెండో పైకి ఉంటే చాలు, తల అవే వంచుకుంటాయి. కింది అంచు పొట్ట కంటే దిగువన ఉండాలి, లేకపోతే రోజూ గెంతాల్సొస్తుంది, ముసలితనంలో కీళ్లకి కష్టం. రెండు జంతువులకీ ఒకటే దారి అయితే వెడల్పూ ఎత్తూ పెద్దదానికి చూసుకోవాలి, కింది అంచు చిన్నదానికి చూసుకోవాలి. మాకు 10 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు రెక్క సరిపోయింది. అడుగున అయస్కాంతం పట్టీ, చుట్టూ బ్రష్ అంచు ఉన్నది తీసుకున్నాం. ఆ బ్రష్ లేకపోతే మన దోమలకి అదే సింహద్వారం. నాలుగు రోజుల్లో పార్సిల్ వచ్చింది, ఏ ఇబ్బందీ లేదు.

మెడలో అయస్కాంతం కడితే తెరుచుకునే రకం కూడా చూశాను. దాంతో పిల్లి వంటింట్లో స్టీలు సామానుకి అతుక్కుంటూ తిరుగుతుందని వద్దనుకున్నా. ఒంట్లో చిప్ ఉంటేనే తెరుచుకునే రకం నాకు బాగా నచ్చింది. బియ్యపుగింజంత చిప్ చర్మం కింద వేస్తారు, అందులో 15 అంకెల నంబరు ఉంటుంది, తలుపు ఆ నంబరు చదివి గడియ తీస్తుంది. ఊళ్లో గండుపిల్లులేవీ లోపలికి రాలేవు. చిప్ వేస్తారేమోనని పశువుల ఆసుపత్రికి వెళ్లి అడిగితే, అక్కడున్నాయన కళ్లజోడు పైనుంచి చూసి, "గేదెకైతే చెవికి ట్యాగు వేస్తాం అమ్మా, 12 అంకెలుంటాయి. పిల్లికి మరీ చెవి చిన్నది కదా" అన్నాడు. వెనకాల దూడని పట్టుకుని నిలబడ్డ పెద్దాయన పడీపడీ నవ్వాడు. చిప్ ఆలోచన అక్కడితో సరి.

ఇవన్నీ ఒక ఎత్తు, మేస్త్రి ఒక ఎత్తు.

మా పెరటి తలుపు పాత మండువాలోదే. టేకు, ఒంటి రెక్క, అడ్డంగా మూడు పలకలు. ఇల్లు పడగొట్టినప్పుడు మావయ్యగారి గుర్తుగా దాన్ని దాచి కొత్తింటికి బిగించాం. కింది పలకలో కన్నం పెట్టడం ఒక పూట పని. ఊళ్లో పేరున్న వడ్రంగి మేస్త్రికి కబురు పెట్టాను. రేపన్నాడు, ఎల్లుండన్నాడు, పెళ్లిళ్ల రోజులండీ అన్నాడు. ఆఖరికి దింపు తీసేవాళ్లు మా దొడ్లో కొబ్బరిచెట్లెక్కిన రోజే ఆయనా దిగాడు. అంటే పెరట్లో జనం, చెట్ల మీద జనం, గోడ మీంచి పక్కింటి పెద్దమ్మ.

"ఆయ్, ఏం పనండి?" అని కుర్చీ వేయించుకుని, టీ తాగి, డబ్బాలో రెక్క తీసి అటూ ఇటూ తిప్పాడు. వేలితో తోశాడు, అది టప్‌మని మూసుకుంది. మళ్లీ తోశాడు. "బొమ్మలా ఉందండి" అన్నాడు. తర్వాత లేచి తలుపు మీద అరచెయ్యి పెట్టి పైనుంచి కిందికి రాసుకుంటూ వచ్చాడు.

"ఈ తలుపు ఎవరు చేసేరో తెలుసాండి అమ్మగారూ?"

తెలీదన్నాను.

"మా నాన్నండి. మీ మావగారు పక్కనే కుర్చీ వేసుక్కూచుని చేయించుకున్నారు. ఒక్క మేకు లేదు చూస్కోండి, అంతా చెక్కలోకి చెక్క దిగ్గొట్టిందే. దీనికి రంపం పెట్టమంటారు. ఎవరి కోసమండి? కుక్క కోసం!"

నిజం చెప్పొద్దూ, నాన్న చేసిన తలుపు అన్నప్పుడు నాకూ మనసు చివుక్కుమంది. చేయనని అక్కడితో ఆపి వెళ్లిపోయుంటే ఆయన మీద గౌరవం పెరిగేది. ఆపలేదు. చెట్టు మీదున్నవాడికి కూడా వినపడేలా అందుకున్నాడు. "గొప్పోళ్ల ఇళ్లలో కుక్కకో తలుపు, పిల్లికో తలుపు. మన ఇళ్లలో ముసలోళ్లకి గదుండదండి" అన్నాడు. మా అత్తయ్యగారు వీధి గదిలో ఏసీ కింద పడుకున్నారు అప్పుడు! ఎవరికి చెప్పను? ఎవరడిగారు? పైనుంచి బొండం కింద పడ్డట్టు ఒక నవ్వు పడింది.

ఇంగ్లండులో ఎక్సెటర్ అనే ఊళ్లో పెద్ద చర్చి ఉంది, అక్కడ గడియారం తలుపుకి పిల్లి వెళ్లడానికి గుండ్రంగా కన్నం పెట్టించి నాలుగొందల ఏళ్లు దాటింది, గడియారానికి పూసిన కొవ్వు కోసం ఎలుకలు చేరుతున్నాయని పెట్టించారు అని చెప్పాను. ముప్ఫై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, ఊరికే ఊరుకుంటానా? ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "అక్కడ మేస్త్రులు ఒప్పుకున్నారేమోనండి" అన్నాడు.

ఆ తర్వాత వాస్తు. తలుపు పడమర వైపుంది, పైగా నైరుతి మూలకి దగ్గర, కన్నం పడితే యజమానికి మంచిది కాదట. మా ఆయన ముఖంలో రంగు మారింది. పంతులుగారికి అప్పటికప్పుడు ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టాను, అందరూ వినాలని. "గోడకా తలుపుకా అమ్మా?" అన్నారు. తలుపుకండీ అన్నాను. "మూతుందా?" ఉందండీ. "మరింకేం? కిటికీ ఉంటే దోషమా?" అని పెట్టేశారు. మేస్త్రి తల గోక్కుని, సరే చేస్తాను, రంపం మిషనుకి సన్నపళ్ల బ్లేడు కొనాలి, అడ్వాన్సు ఇప్పించండి అని ఐదొందలు పట్టుకెళ్లాడు. అంతే. ఫోన్ చేస్తే రింగయ్యేది, ఎత్తేవాడు కాదు.

అదే వారంలో మా తోడికోడలి వాళ్లింట్లో పెళ్లి. పంక్తిలో కూర్చున్నాను. పనసపొట్టు కూర వడ్డిస్తున్న కుర్రాడు గరిట ఆపి, "అమ్మగారూ, కుక్కగారు కాలింగ్ బెల్లు కొట్టి వస్తారాండి, నేరుగా వచ్చేస్తారాండి?" అన్నాడు. ఎదురు వరసలోంచి ఇంకొకాయన, "మీ ఇంటికి మీరే కన్నం వేయించుకుంటున్నారంట కదండీ, దొంగలకి శ్రమ తగ్గింది" అన్నాడు. నవ్వితే నవ్వారు, మా గోదారి వెటకారం నాకు కొత్తా? కాని విస్తరి ముందు కూర్చున్న మనిషి లేచిపోనూ లేదు, తిననూ లేదు. మా ఆయన పక్కన కూర్చుని వాళ్లతో కలిసి నవ్వాడు. ఆ నవ్వు సంగతి ఇంటికొచ్చాక తేల్చుకున్నాం.

ఆ నవ్విన పెద్దమనుషుల్లో సగం మంది రొయ్యల చెరువుల వాళ్లే. రొయ్యకి ఆక్సిజన్ తగ్గుతుందని రాత్రంతా ఏరియేటర్లు తిప్పుతారు, కరెంటు పోతే జనరేటర్ వేసుకుని చెరువు గట్టునే పడుకుంటారు. అమ్ముకునే ప్రాణికైతే ఎంత సేవ చేసినా అది వ్యాపారం. అమ్ముకోని ప్రాణికి ఓ జానెడు దారి పెడితే అది పిచ్చి. ఈ లెక్క ఎవరు కట్టారో నాకు అర్థం కాదు.

పని చేసింది ఎవరంటే, టౌన్లో యూపీవీసీ కిటికీలు బిగించే షాపు కుర్రాడు. చిరిగిన మెష్ మార్చడానికి వచ్చాడు, మా అబ్బాయి వయసే. డబ్బా చూసి అదేంటని అడిగాడు, చెప్పాను. నవ్వలేదు. తలుపు ముందు గొంతుక్కూర్చుని, పలక చుట్టూ గోరుతో గీరి చూసి, "దీన్ని కొయ్యక్కర్లేదు మేడమ్, పలక బయటికొచ్చేస్తుంది" అన్నాడు. పలక గాడిలో కూర్చుని ఉంది. లోపలివైపు గాడి అంచు సన్నంగా ఉలితో తీసేస్తే పలక చెక్కుచెదరకుండా ఊడి వస్తుంది. దాని స్థానంలో 18 మిల్లీమీటర్ల డబ్ల్యూపీసీ (చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసేది) షీటు పెట్టి, బీడింగు కొట్టి, కన్నం ఆ షీటుకే పెట్టొచ్చు. ఎప్పుడైనా వద్దనుకుంటే పాత పలక మళ్లీ పెట్టేసుకోవచ్చు. మేస్త్రి నాన్నగారి పలక ఇప్పుడు పాత చీరలో చుట్టి అటక మీద క్షేమంగా ఉంది. మరి ఈ సంగతి ఆ తలుపు చేసినవాడి కొడుక్కి తెలీదా? తెలుసు. నూటికి నూరుపాళ్లూ తెలుసు.

మీరు చేయించుకుంటే ఈ నాలుగు విషయాలు చూసుకోండి. మామూలు ప్లైవుడ్, ఎమ్‌డీఎఫ్ పెట్టించకండి, మన వానలకి ఒక్క ఏడాదిలో ఉబ్బి రెక్క పట్టేస్తుంది. డబ్బాలో వచ్చిన స్క్రూలు మందపాటి తలుపుకి సరిపోయేవి, మా షీటుకి పొడుగైపోయాయి. సముద్రం దగ్గరున్నవాళ్లం కాబట్టి చిన్నవి స్టెయిన్‌లెస్ స్టీలువే కొన్నాం, ఉప్పుగాలికి మామూలువి తుప్పెక్కుతాయి. డబ్బాలో కాగితం అచ్చు ఇస్తారు, దాన్ని అతికించి, నాలుగు మూలలా డ్రిల్లుతో బెజ్జాలు పెట్టుకుని, జిగ్‌సా మిషనుతో కోస్తే అంచులు చితకవు. చుట్టూ సిలికాన్ తప్పనిసరి. తలుపు అడుగునున్న బోల్టు మాత్రం తీయించేశాం, రెక్కలోంచి చెయ్యి పెట్టి తీసే వీలుంటుందని. పైన గడియ చాలు. అడుగు పట్టీ అడ్డం వచ్చి మా కింది అంచు 7 అంగుళాల ఎత్తుకి పోయింది, పిల్లి కోసం లోపలొకటి బయటొకటి ఇటుక వేశాం.

నేర్పడానికి గొప్ప శాస్త్రం ఏమీ లేదు. మొదట రెక్కని పైకెత్తి తాడుతో కట్టేయండి, కన్నం అలవాటవ్వాలి. తర్వాత సగం దించండి. బయట ఎండు రొయ్యపొట్టు పెట్టండి. కుక్క ఆ టప్ చప్పుడుకే జడిసి మంచం కిందికి దూరింది. పిల్లి మూడు కాళ్లు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని వీపు మీద రెక్కతో పావుగంట అలాగే నిలబడింది. దాన్ని చూసే కుక్క నేర్చుకుంది. బలవంతంగా తోసెయ్యకండి, ఒకసారి జడిస్తే వారం వెనక్కి పోతుంది.

పాముల సంగతి అందరూ అడుగుతున్నారు, అడగాల్సిందే. ఇప్పుడు కాలువలు కట్టేసిన రోజులు కాబట్టి రాత్రుళ్లు కూడా తెరిచే ఉంచుతున్నాం. జూన్‌లో నీళ్లొదిలి పొలాలు తడిశాక ఎలుకలు ఇళ్లవైపు వస్తాయి, వాటి వెనకే తాచూ రక్తపింజరీ వస్తాయి. అయస్కాంతం పట్టీ, బ్రష్ దోమని ఆపుతాయి గాని పాముని ఆపుతాయని నేను నమ్మను. అందుకే రెక్కతోపాటు వచ్చిన అడ్డుపలకని అప్పుడు భోజనాలవగానే దింపేస్తాం. అంటే ఆ నెలల్లో మళ్లీ "నువ్వెళ్లు, నువ్వెళ్లు" తప్పదు. పిల్లి నోట కరుచుకుని తెచ్చే ఎలుకలకి మాత్రం ఏ తలుపూ మందు కాదు, నిన్న ఒకటి బతికున్నది తెచ్చి వంటింట్లో వదిలింది.

మేస్త్రి నిన్న సెంటర్లో కనపడ్డాడు. తలుపు అయిపోయిందంట కదండీ అన్నాడు. అడ్వాన్సు అన్నాను. "ఆయ్, ఎక్కడికి పోద్దండి, మళ్లీ ఏదైనా పనొస్తే అందులో తీసేసుకుందారి" అని సైకిలెక్కేశాడు.