రీఫ్ ట్యాంక్ మీద విరక్తి పుట్టాక: 14 వారాల లాగ్

1వ వారం. నాది పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం. నీటిని ట్యాంక్‌లోకి తిరిగి పంపే రిటర్న్ పంప్ గాలి పీలుస్తూ గరగరమంటుంటే, అది ఉండే కింది తొట్టి, అంటే సంప్ తలుపు తీశాను. ఆవిరైన నీటికి బదులు మంచినీళ్లు పోసే టాప్ ఆఫ్ డబ్బా ఎప్పుడు ఖాళీ అయిందో తెలియదు. సాలినిటీ, అంటే ఉప్పదనం (సాపేక్ష సాంద్రతలో), 1.028కి పెరిగింది. పగడాలు వాడుకునే ఖనిజాలను రోజూ అందించే డోసింగ్ సీసా అడుగంటి, ఆల్కలినిటీ (పగడాలు అస్థిపంజరం కట్టుకోవడానికి వాడే కార్బొనేట్ల కొలత, యూనిట్ డీకేహెచ్) 6.2 డీకేహెచ్‌కి పడిపోయింది. మోంటిపొరా అనే పగడం అంచులు తెల్లబడ్డాయి. ఇసుక మీద బుడగలు పట్టుకున్న గోధుమరంగు జిగురు తీగలు, అంటే డైనోలు (డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవులు), నెలగా అలాగే ఉన్నాయి. వాటిని చూడలేకే ఆ గదిలోకి వెళ్లడం తగ్గించాను. నేను కనబడగానే క్లౌన్ ఫిష్ రెండూ ఎప్పటిలాగే అద్దం దగ్గరికి వచ్చాయి. చాలా సిగ్గనిపించింది.

అమ్మేద్దామనే అనుకున్నాను. కానీ ముందు వీటిని బతికించాలి.

తగ్గిన నీళ్లన్నీ ఒక్కసారిగా పోయలేదు. ఆర్ఓ నీళ్లు కొన్ని గంటలకోసారి 2 లీటర్ల చొప్పున పోస్తూ రెండు రోజుల్లో 1.026కి తెచ్చాను. రోజువారీ ఖర్చుకు డోసింగ్ సీసా మళ్లీ నింపాను, ఆల్కలినిటీలో పడిన లోటుకు వంటసోడా వాడాను. నాది మొత్తం 200 లీటర్ల నీళ్లు. 1 డీకేహెచ్ పెరగాలంటే 6 గ్రాములు కావాలి. రోజుకు 3 గ్రాములు ఆర్ఓ నీళ్లలో కరిగించి, ఫ్లో ఎక్కువగా ఉన్నచోట మెల్లగా పోశాను. నాలుగు రోజులకు 8.2.

3వ వారం. డైనోల సంగతి. తప్పు నాదే. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా చూపిస్తే ట్యాంక్ శుభ్రంగా ఉందని సంతోషించేవాణ్ని. ఆ పోషకాలు లేక మిగతా నాచు, బ్యాక్టీరియా ఆకలితో వెనకబడితే డైనోలకు మైదానం దొరుకుతుంది. ఫాస్ఫేట్ పీల్చే మీడియా తీసేశాను, నురగతో వ్యర్థాలు లాగే స్కిమ్మర్‌ను రాత్రిళ్లు మాత్రమే నడిపాను, మేత పెంచాను, నీళ్లు మార్చడం ఆపాను. తీగల్ని సైఫన్‌తో లాగి, సన్నటి ఫిల్టర్ సాక్‌లో వడగట్టి, ఆ నీళ్లే తిరిగి పోశాను. లక్ష్యం నైట్రేట్ 5, ఫాస్ఫేట్ 0.05 పీపీఎం. అన్ని డైనోలూ దీనికి లొంగవు. రాత్రి నీళ్లలోకి లేచే రకాలకు యూవీ దీపం కావాలి. నావి ఆరు వారాలకు తగ్గాయి.

6వ వారం. అసలు విషయం ఈ వారంలోనే తెలిసింది. నన్ను అలసిపోయేలా చేసింది చేపలు కాదు, అక్రోపొరాలనే పగడాలు. తొమ్మిది కాలనీలు కలిసి రోజుకు 1.8 డీకేహెచ్ తినేవి. అందుకే ప్రతి సాయంత్రం టెస్ట్, ప్రతి అంకె మీదా టెన్షన్. సెలవు తీసుకుని లాభం లేదు, తిరిగొచ్చాక మళ్లీ అదే పని. తొమ్మిదింటినీ వాటిని బాగా చూసుకునే మిత్రుడికి ఇచ్చేశాను. రెండేళ్లు పెంచినవి. ఇచ్చేటప్పుడు చెయ్యి ఆడలేదు. ఒక రాయి మీద జోయాంథిడ్లనే (జోయాలు) మెత్తటి పగడాల్లాంటి జీవులు కూడా ఉన్నాయి. వాటిలో పాలీటాక్సిన్ అనే విషం ఉండొచ్చు కాబట్టి గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా గీకవద్దు.

లెదర్, మష్రూమ్‌లు, జోయాలు, తలలు రెండుగా చీలుతూ పెరిగే ఒక హ్యామర్ పగడం, కోలుకున్న మోంటిపొరా మిగిలాయి. ఇప్పుడు ఖర్చయ్యేది రోజుకు 0.3 డీకేహెచ్.

9వ వారం. డోసింగ్ పంప్ తీసేశాను. దాని బదులు టాప్ ఆఫ్‌లోనే సున్నపు తేట. రోజుకు 3 లీటర్లు ఆవిరవుతాయి, 25 లీటర్ల డబ్బా ఎనిమిది రోజులు వస్తుంది. డబ్బాకు 6 నుంచి 7 గ్రాముల ఫుడ్ గ్రేడ్ కాల్షియం హైడ్రాక్సైడ్ చాలు. కాల్షియం కూడా దానితోనే అందుతుంది. పొడి కళ్లలో పడకూడదు. నీటిమట్టాన్ని బట్టి పంప్‌ను ఆపే ఫ్లోట్ స్విచ్ ఇరుక్కుంటే డబ్బా మొత్తం ట్యాంక్‌లోకి పోతుంది కాబట్టి గాఢత తక్కువగా ఉంచడమే నాకు ఇష్టం.

టెస్టులు ఆదివారం మాత్రమే: సాలినిటీ, ఆల్కలినిటీ. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండు వారాలకోసారి. మిగతా రోజుల్లో మేత వేసి, పది నిమిషాలు కూర్చుని చూడటమే. మొదట్లో ఆ పది నిమిషాలూ కష్టంగా ఉండేవి, చెయ్యి టెస్ట్ కిట్ వైపే పోయేది.

14వ వారం. నాలుగు రోజులు ఇంట్లో లేను. తిరిగొచ్చి చూస్తే సాలినిటీ 1.026, ఆల్కలినిటీ 8.0. అద్దం మీద పచ్చటి పొర, అంతే. పొర గీకుతుంటే హ్యామర్‌లో ఒక తల మధ్యలో నొక్కుకుపోయినట్టు కనిపించింది. టార్చ్ వేసి చూశాను. లోపల రెండు నోళ్లున్నాయి.