తోడుకోని పాలు

పోయిన నెల మా గేదెకి పొదుగువాపు వచ్చింది. డాక్టరుగారు పెన్సిలిన్ ఇంజెక్షన్లు చేసి, కోర్సు అయిపోయాక కూడా తను చెప్పేదాకా పాలు వాడొద్దన్నారు. అమ్మకి ప్రాణం ఒప్పక ఒక పూట పాలు కాచి తోడు పెట్టింది. తెల్లారి చూస్తే పాలు పాలలాగే ఉన్నాయి! పాలలోకి దిగిన మందు తోడులోని బాక్టీరియాని చంపేసింది మరి.

ఆ మందుని విరిచే ఎంజైమ్ కొన్ని రకాల బాక్టీరియా దగ్గరే ఉంది. దాని పేరు పెన్సిలినేజ్. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో అబ్రహామ్, చైన్ అనే శాస్త్రవేత్తలు 1940లోనే దీని గురించి రాశారు, అంటే 1941 ఫిబ్రవరిలో తొలి రోగుల్లో ఒకరైన అక్కడి పోలీసు కానిస్టేబుల్‌కి పెన్సిలిన్ ఎక్కించేనాటికే దానికి విరుగుడు ఉందని తెలుసన్నమాట. పెన్సిలిన్ అణువులో నాలుగు పరమాణువుల చిన్న వలయం ఒకటి ఉంటుంది, మందు బలమంతా అందులోనే. ఈ ఎంజైమ్ ఒక నీటి అణువుని అక్కడ చేర్చి వలయాన్ని తెంపేస్తుంది, అంతే, మందు పనిచేయదు.

అయితే ఆ ఎంజైమ్ పాలలో కలిపేస్తే పోలేదా అని తమ్ముడు అడిగాడు. చైనాలో కొందరు ఆ పనే చేస్తే, అక్కడి ప్రభుత్వం దాన్ని కల్తీ కింద నిషేధించింది. పెరుగు తోడుకుంటుంది, పరీక్షలో కూడా మందు దొరక్కపోవచ్చు, కానీ విరిగిన ముక్క పాలలోనే ఉంటుంది, పెన్సిలిన్ పడనివాళ్లలో కొందరికి ఆ ముక్క కూడా పడదు. తినే వస్తువులో మందు ఆనవాలు చెరిపేయడానికి దీన్ని వాడటం నాకు మోసంగానే కనిపిస్తుంది.

దీని అవసరం ఉన్నది మురుగులో. మందుల ఫ్యాక్టరీ నీళ్లు, ఆసుపత్రి నీళ్లు, మన రొయ్యల చెరువుల నుంచి డ్రెయిన్లలోకి వదిలే నీళ్లు, వీటిలో మందు ఉంటే బయటికి పోకముందే విరిచేయాలి. అదీ వేరుచేసిన ఎంజైమ్‌తోనే చేయాలి. బతికున్న బాక్టీరియాని వదిలితే ఎంజైమ్ తయారుచేసే జన్యువు పక్క బాక్టీరియాకి పాకొచ్చు, అది రోగం తెచ్చే రకమైతే రేపు మనిషికి జ్వరమొచ్చినప్పుడు ఇదే మందు పనిచేయదు. నాకు టెన్షన్ అంతా అక్కడే. ఒక్కో మందుకి ఒక్కో ఎంజైమ్ కావాలి కూడా, పెన్సిలినేజ్ టెట్రాసైక్లిన్ అనే మరో యాంటీబయాటిక్‌ని ఏమీ చేయలేదు.

తోడుకోని ఆ పాలని అమ్మ పంట కాలువలో పోయబోతే ఆపాను. కింద ఊళ్ల మంచినీళ్ల చెరువులు ఆ కాలువతోనే నిండుతాయి. కొబ్బరి తోటలో, బోరుకి దూరంగా గొయ్యి తీసి పోశాం. మందు అక్కడికక్కడే విరిగిపోతుందని కాదు, కాలువలో మాత్రం కలవకూడదని.