తాళం జేబులో, మోత సీటు కింద

షార్జాలో మా గ్యారేజీకి వచ్చే ప్రతి బండికీ ఒక జాబ్ కార్డు ఉంటుంది. స్కానర్ పెట్టి జబ్బేమిటో చెప్పేవాడు వేరు, సామాను తెచ్చేవాడు వేరు. నా చేతికి వచ్చేసరికి కార్డు మీద 'పెట్రోల్ పంపు రిలే మార్చు' అని ఉంటుంది. (రిలే అంటే సన్న కరెంటుతో సైగ చేస్తే పంపుకి పెద్ద కరెంటు కలిపే స్విచ్చు.) మారుస్తాను, సంతకం పెడతాను. ఎందుకు పోయిందని అడిగే పని నాది కాదు. తొమ్మిదేళ్లుగా ఇదే. ఇంటి దగ్గర మాత్రం నేను పెద్ద మేస్త్రిని. రెండేళ్లకోసారి సెలవు మీద ఒడిశాలోని మా పర్లాకిమిడి వచ్చానంటే మా వీధిలో మూలన పడ్డ బళ్లన్నీ నాకోసమే కాచుకుని ఉంటాయి.

మొన్నటి సెలవులో మా బావ కారు వంతు వచ్చింది. రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. "ఏటిరా ఇది, తాళం నా జేబులో ఉంది, కారు మాత్రం మూలుగుతోంది. పొద్దున్నకి బ్యాటరీ చచ్చిపోతోంది."

వెళ్లి వెనక సీటుకి చెవి ఆనించాను. సన్నగా జుయ్యిమని మోత. ట్యాంకులో పంపు తిరుగుతూనే ఉంది.

మామూలుగా తాళం ఆన్ చేయగానే ఆ పంపు రెండు మూడు సెకన్లు తిరిగి, లైనులో ప్రెషర్ ఎక్కించి ఆగిపోవాలి. ఇంజిన్ తిరుగుతోందని సెన్సార్ నుంచి కబురందితేనే కంప్యూటర్ మళ్లీ నడిపిస్తుంది. (కొన్ని కార్లలో డ్రైవర్ తలుపు తీయగానే ఓసారి మోగి ఊరుకుంటుంది. దానికి కంగారు పడక్కర్లేదు.) ఇక్కడ రాత్రంతా మోతే. ఐదు ఆంపుల చొప్పున తాగినా, ఏడు గంటల్లో చిన్నకారు 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఆంపులు ఇంటూ గంటలు) బ్యాటరీలో ఏం మిగులుతుంది?

బానెట్ ఎత్తి, ఫ్యూజు డబ్బాలో పంపు రిలే పీకాను. మోత ఆగింది. రిలే తీసినా ఆగకపోతే కరెంటు ఇంకెక్కణ్నుంచో దొంగదారిన వస్తున్నట్టు. బయట బిగించిన అలారం వైర్లో, ఒరుసుకుపోయిన వైరింగో వెతుక్కోవాలి. ఆగింది కాబట్టి రెండే అనుమానాలు. రిలే లోపల కాంటాక్టులు (కలిసి కరెంటు పంపే మొనలు) అతుక్కుపోయి ఉండాలి, లేదా వాటిని లాగి కలిపే కాయిల్‌కి వెళ్లే కంట్రోల్ వైరు బాడీకి తగులుతూ ఉండాలి. పక్కనే అదే రకం హారన్ రిలే ఉంది. దాన్ని తీసి ఇందులో పెట్టి తాళం తిప్పాను. రెండు సెకన్లు మోగి ఆగింది. వైరు బాగానే ఉంది, తప్పు పాత రిలేదే.

మర్నాడు బరంపురం నుంచి కొత్త రిలే తెప్పించి గుచ్చాను. బావ వీధంతా చెప్పుకున్నాడు. మా అప్ప (అక్క) చేపల పులుసు పెట్టింది. మూడో రోజు రాత్రి మళ్లీ ఫోన్.

నిజం చెప్పాలంటే సిగ్గేసింది. జాబ్ కార్డు లేని చోట కూడా జాబ్ కార్డు పనే చేశాను.

కాంటాక్టులు ఊరికే అతుక్కోవు. మోయలేనంత కరెంటు లాగుతుంటే, కలిసి విడిపోయినప్పుడల్లా రవ్వలు లేచి, కరిగి ఒకదానికొకటి అంటుకుంటాయి. పైగా నేను తెప్పించింది చవక రకం. ఇన్వర్టర్లు బిగించే కుర్రాడి దగ్గర డీసీ క్లాంప్ మీటరు (వైరు తెంచకుండానే కరెంటు కొలిచేది) అడిగి తెచ్చి పంపు వైరుకి తగిలించాను. ఐదారు ఆంపులు ఉండాల్సింది 16 చూపిస్తోంది. మరి ఫ్యూజు ఎందుకు పోలేదు? తీసి చూస్తే తెలిసింది. డబ్బా మూత మీద 15 అని ఉన్న చోట 30 ఫ్యూజు ఉంది. మాటిమాటికీ పోతోందని ఎవరో పుణ్యాత్ముడు పెద్దది పెట్టేశాడు. ఫ్యూజు పడాల్సిన దెబ్బ రిలే పడింది.

బ్యాటరీ నెగటివ్ విప్పి, వెనక సీటు లేపి, పంపు బయటికి తీశాం. ఈ పనికి ముందు మా బావ వాళ్లమ్మని పెరట్లోకి పంపడమే కష్టమైంది. అత్తకి అడ్డపొగ (చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం) లేనిదే పొద్దు గడవదు. "నిప్పు నా నోట్లో ఉంటే నీ పెట్రోలుకేటిరా?" అంటుంది.

జల్లెడ నిండా నల్లటి మడ్డి. పంపు అరిగి బిగుతుగా తిరుగుతోంది. ట్యాంకులో పంపుని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. ఒడిశాలో పెట్రోలు చవకని ఆంధ్రాలోని పాతపట్నం వైపు వాళ్లు సరిహద్దు దాటి వచ్చి మా బంకుల్లో ట్యాంకు నింపుకుని పోతారు. ఆ బంకుల పక్కనే ఉంటూ మా బావ రెండేళ్లుగా రోజుకి రెండొందలది కొట్టించుకుని రిజర్వులోనే తిరుగుతున్నాడు.

కొత్త పంపు, 15 ఫ్యూజు, కంపెనీ రిలే పెట్టాక మీటరు ఐదు దగ్గర నిలిచింది. ఈసారి పులుసు వద్దన్నాను, వారం ఆగమన్నాను. వారం తర్వాత తిన్నాను.

షార్జా వెళ్లిన రెండో నెలలో నా బే (బండి నిలిపి పని చేసే చోటు) లోకి ఒక పెద్ద బండి వచ్చింది. కార్డు మీద 'రిలే మార్చు' అని ఉంది. ఆంపులు చూశారా అని ఫోర్‌మన్‌ని అడిగాను. మలయాళీ, మంచివాడే. "భాయ్, నీ కార్డులో అది ఉందా?" అన్నాడు. రిలే మార్చాను. టీ టైములో ఎవరూ చూడకుండా మీటరు తగిలిస్తే 17. కార్డు వెనక 'పంపు 17 ఆంపులు' అని రాసి ఇచ్చాను. ఆ బండి మళ్లీ మా బే వైపు రాలేదు.