పెన్సిల్‌తో ఓరియన్ నెబ్యులా

పుష్య బహుళ త్రయోదశి. భోగి మంటల పొగ పూర్తిగా విడిపోయి దక్షిణం తేటపడింది. చంద్రుడు తెల్లవారుజామున గానీ రాడు. పది దాటాక ఎం42, అదే ఓరియన్ నెబ్యులా (ఓరియన్ నక్షత్రాల గుంపులో మెరిసే వాయువుల మబ్బు), దక్షిణాన 67 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. అంత పైన ఉంటే మధ్యలో అడ్డొచ్చే గాలి తక్కువ. బొమ్మ వేయడానికి అదే సమయం.

130 మి.మీ. న్యూటోనియన్ (అద్దంతో పనిచేసే దుర్భిణి) ఎనిమిదిన్నరకే డాబా ఎక్కింది. అద్దం బయటి చల్లదనానికి సర్దుకోవడానికి ముప్పావు గంటైనా పడుతుంది. ఆగకుండా చూస్తే నెబ్యులా నడిమధ్యన ట్రెపీజియం అనే గుంపులోని నాలుగు చుక్కలూ ఉబ్బి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి అరగంట, ఆ అరగంటా ఫోన్ ముట్టుకోకూడదు. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ నాలుగు మడతలు చుట్టాలి. పెన్సిల్ గీత కనబడితే చాలు, అంతకుమించిన వెలుగు ఎరుపైనా కంటిని పాడుచేస్తుంది.

కాగితం మీద 9 సెం.మీ. వృత్తం పగలే గీసి పెట్టుకోవాలి. అద్దం 650 మి.మీ. ఫోకల్ లెంగ్త్‌కి (నాభ్యంతరానికి) 25 మి.మీ. ఐపీస్, అంటే కన్ను ఆనించే కటకం, 26 రెట్లు చూపిస్తుంది, దృశ్యం వెడల్పు రెండు డిగ్రీలకు కాస్త తక్కువ. ముందు దిక్కులు. మోటారు ఆపితే చుక్కలు జారిపోయే వైపు పడమర. న్యూటోనియన్‌లో పడమర నుంచి అపసవ్యంగా పావు చుట్టు తిరిగితే ఉత్తరం. డయాగొనల్ (చూపును పక్కకు తిప్పే అద్దం) పెట్టిన రిఫ్రాక్టర్‌లో, అంటే కటకాల దుర్భిణిలో, బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది కనుక సవ్యంగా తిరగాలి.

తెల్ల కాగితం మీద అంతా తలకిందులు: వెలుగుకి పెన్సిల్ నలుపు, చీకటికి ఖాళీ కాగితం. దిక్కుల తర్వాత చుక్కలు, చుక్కలు మాత్రమే. తొందరపడి మబ్బు మొదలుపెడితే కొలత పోతుంది, ఇక సరిదిద్దలేం. ట్రెపీజియం మధ్యలో. దక్షిణాన ఐయోటా ఓరియనిస్ అనే నక్షత్రం, ఉత్తరాన 42 ఓరియనిస్ అనే నక్షత్రం, రెండూ దాదాపు అర డిగ్రీ దూరం. కాగితం మీద రెండున్నర సెం.మీ. ఈ మూడూ కుదిరితే మిగతావి వాటి మధ్య త్రిభుజాలుగా పడిపోతాయి. పెద్ద చుక్కకి పెన్సిల్ గట్టిగా నొక్కి తిప్పాలి, చిన్నదానికి మొన ఆనిస్తే చాలు. 10 మి.మీ. ఐపీస్‌కి మారేది ట్రెపీజియం ఆకారం చూసుకోవడానికే.

ఇక మబ్బు. 2బి పెన్సిల్‌ని పనికిరాని కాగితం మీద రుద్ది, ఆ పొడిని బ్లెండింగ్ స్టంప్‌తో (గట్టిగా చుట్టిన కాగితపు పుల్లతో) ఎత్తి, పొర మీద పొర వేయాలి. వేలితో రుద్దితే చర్మం జిడ్డు అంటి మచ్చ పడుతుంది, ఆ మచ్చ ఏ రబ్బరుకీ పోదు. చూపు ట్రెపీజియం మీద కాదు, కాస్త పక్కన నిలపాలి. మసక వెలుగును పట్టే కణాలు కంటి నడిమధ్యలో లేవు. గొట్టాన్ని వేలితో మెల్లగా తడితే మబ్బు రెండు పక్కలా చాచిన రెక్కల అంచు కదులుతూ బయటపడుతుంది. ట్రెపీజియం వైపు చొచ్చుకొచ్చే నల్లని గాడిని గీయక్కర్లేదు. చుట్టూ నింపి, నీడెడ్ ఎరేజర్ (పిండిలా నలిపి మలుచుకునే రబ్బరు) మొనతో అద్ది ఎత్తేయాలి. ఉత్తరాన ఎం43 అనే చిన్న మబ్బు ఒక చుక్క చుట్టూ చిన్న తెర, రెంటికీ మధ్య చీకటి చారను వదిలేయాలి.

అసలు కష్టం ఫోటోలతో. చూసిన ఫోటోలు చేతిలోకి దూరి, కంటికి ఆనని మెలికలు గీయిస్తాయి. ఈ సైజు దుర్భిణిలో కంటికి అందేది బూడిద రంగు, మహా అయితే లేత ఆకుపచ్చ ఛాయ. రెండుసార్లు విడివిడిగా కనబడిందే కాగితం మీదికి రావాలి. ఇంత కచ్చితం ఎందుకంటే, ఒకప్పుడు ఈ పద్ధతే విజ్ఞానం. 1845లో ఐర్లండ్ ఖగోళ పరిశీలకుడు లార్డ్ రాస్ ఎం51 అనే గెలాక్సీ సుడులను చూసి నమోదు చేసింది కంటితోనే, చేత్తోనే. ఇదే ఓరియన్ నెబ్యులాని అమెరికన్ ఖగోళ పరిశీలకుడు హెన్రీ డ్రేపర్ మొదటిసారి ఫోటో తీసింది 1880లో. అంతవరకూ ఉన్నదంతా గీసిన బొమ్మలే.

పదకొండున్నరకు మంచు దిగింది. కాగితం చెమ్మగిల్లితే గ్రాఫైటు గడ్డలు కడుతుంది, స్టంప్ పీచు లేపుతుంది. నల్ల చార్టు చుట్టిన గొట్టం ఐపీస్‌ని కాపాడదు, దాన్ని జేబులో వెచ్చగా ఉంచుకోవాల్సిందే. అట్టకు ప్లాస్టిక్ కవరు తొడిగి అక్కడితో ఆపాను. కింద రాసినవి: తేదీ, 10:05 నుంచి 11:30, 26 రెట్లు, పడమర బాణం, గాలి నిలకడ మధ్యస్థం. లోపలికొచ్చాక చుక్కల అంచులు గుండ్రం చేయడం తప్ప మరేమీ దిద్దలేదు. రేపు స్కాన్ చేసి తెలుపు నలుపులు తిరగేస్తే నల్లని ఆకాశం వస్తుంది. అప్పుడు కాంట్రాస్ట్ పెంచకూడదు, రెక్కల చివర్లు ముందు పోయేది అక్కడే.