అమ్మ సంస్మరణ సభ, ఒక ఒత్తు: నా అనుభవం

అమ్మ సంస్మరణ సభ అయి నాలుగు రోజులైంది. ఆ కాగితం గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. ఇలాంటి పని నెత్తిన పడ్డవాళ్ళకి పనికొస్తే సరే, లేకపోతే నా కడుపులో మంటయినా తగ్గుతుందని రాస్తున్నాను.

అమ్మ హైస్కూల్లో తెలుగు టీచరు. ముప్పై మూడేళ్ళు చెప్పింది. ఏడో తరగతిలో నాకూ తనే. క్లాసులో పొరపాటున "అమ్మా" అంటే పలికేది కాదు. "టీచర్" అనేదాకా నల్లబల్ల వైపే తిరిగి ఉండేది.

హాలు, కుర్చీలు, మైకు ఒక్క పూటలో కుదిరాయి. మంచి ఫొటో ఒకటే ఉంది, అదేమో జిగురు పేజీల ఆల్బంలో అతుక్కుపోయింది. లాగితే చిరిగేలా ఉందని పేజీతో సహా స్కాన్ చేయించాం. అలాంటి ఫైల్ ఎవరికైనా పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి. మామూలు ఫొటోలా పంపితే సైజు తగ్గిపోయి, పెద్దగా ప్రింట్ తీసినప్పుడు మొహం మసకబారుతుంది.

ఆవిడ ఏ ఏడు ఎక్కడ పనిచేసిందో తేదీలు కావాలని పాత స్కూలుకి వెళ్ళాను. ఆఫీసులో కూర్చున్నాయన తలెత్తకుండానే "రిటైరైనవాళ్ళు మా సిస్టంలో ఉండరండీ" అన్నాడు. ఎన్ని వందల మందికి అక్షరాలు దిద్దించిందో, సిస్టంలో లేదట. నా సలహా, ఆఫీసుల చుట్టూ తిరక్కండి. అమ్మ ట్రంకు పెట్టెలో వెతికితే బదిలీ కాగితాలన్నీ దారం కట్టి ఉన్నాయి.

ఇక రాయడం. మొదటి ప్రయత్నంలో రెండు పేజీల నిండా ప్రేమమూర్తి, త్యాగమూర్తి, ఆదర్శమూర్తి. అక్క చదివి, "పేరు మార్చేస్తే పక్కింటావిడకి కూడా సరిపోతుంది" అంది. కోపమొచ్చింది కానీ నిజమే. అప్పుడు అమ్మ దగ్గర చదువుకున్నవాళ్ళకి ఫోన్లు చేశాను. "అమ్మ ఎలా ఉండేది?" అని మాత్రం అడక్కండి, అందరూ "దేవత అండీ" అనేసి ఆగిపోతారు. "మిమ్మల్ని దేనికి తిట్టింది?" అని అడగండి, మాటలు అవే వస్తాయి. ఒకాయనకి చిన్నప్పుడు నత్తి ఉండేదట. అమ్మ ఆయన్ని ఒంటరిగా లేపి పద్యం చదవమనేది కాదు. క్లాసంతా కలిసి చదివేటప్పుడు ఆయన పక్కన నిలబడి తనూ గొంతు కలిపేది. "నలుగురితో కలిపి చదివితే నత్తి వచ్చేది కాదండీ, అది ఆవిడ కనిపెట్టింది" అన్నాడు. నత్తి ఉన్నవాళ్ళు బృందంగా చదివినప్పుడు మాట తడబడడం బాగా తగ్గుతుందని వైద్యులూ చెబుతారు. అమ్మ మాత్రం ఆ సంగతి ఏ పుస్తకంలోనూ చదివి ఉండదు. ఇంట్లో మాకెప్పుడూ చెప్పలేదు కూడా.

ఇంక అసలు సంగతి. సభకి వచ్చినవాళ్ళకి ఇవ్వడానికి నాలుగు పేజీల కాగితం మూడు వందల కాపీలు వేయించాం. సభ రోజు పొద్దున కట్టలు వచ్చాయి. గుమ్మం దగ్గర నిలబడి నా చేత్తోనే పంచడం మొదలుపెట్టాను. ఒకావిడ, యాభై దాటి ఉంటాయి, కాగితం అందుకుని రెండడుగులు వేసి ఆగింది. సంచీలోంచి ఎర్ర పెన్ను తీసి, కాగితాన్ని గోడకి ఆనించి ఏదో గీసింది. ఆ తర్వాతే తనేం చేసిందో తెలిసినట్టు గతుక్కుమని, "క్షమించండి బాబూ, నేనూ టీచర్నే, చెయ్యి అలవాటు" అని గబగబా లోపలికి వెళ్ళబోయింది. నేను ఆపి చూశాను.

పైన, పెద్ద అక్షరాల్లో, "శ్రద్దాంజలి".

'ధ' ఒత్తు లేదు. ముప్పై మూడేళ్ళు ఒత్తుల కోసం పిల్లల చెవులు మెలేసిన మనిషి ఫొటో పైన.

చుట్టూ నలుగురు చూస్తున్నారు. నేను పక్కకెళ్ళి డీటీపీ చేసినతనికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. మామూలుగా ఈ డీటీపీ దగ్గర తప్పులు దొర్లుతూనే ఉంటాయి. మనం ఫోన్లో కొట్టేది యూనికోడ్, అంటే ఏ ఫోన్లోనైనా కంప్యూటర్లోనైనా అక్షరాలకి ఒకటే కోడ్. చాలామంది వాడే పాత ఫాంట్లు యూనికోడ్ కావు. మన మాటల్ని మార్చుకోవడమో, మళ్ళీ టైపు చేయడమో జరుగుతుంది, ఒత్తులు అక్కడే జారిపోతాయి. ఇవన్నీ అతనికే పాఠం చెప్పాను. అతను అంతా విని, "మీరు పంపిన మెసేజ్ ఒకసారి చూసుకోండి సార్" అన్నాడు.

చూశాను. నేనే "శ్రద్దాంజలి" అని కొట్టి పంపాను. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులోకి మారే కీబోర్డు, ఒక 'హెచ్' తగ్గింది. అచ్చుకి ముందు సరిచూసుకోమని అతను ప్రూఫ్ కూడా పంపాడు. దాని కింద నా జవాబు "ఓకే". ప్రూఫ్ వచ్చిన నిమిషం లోపే.

ఏడో తరగతిలో అమ్మ ఈ మాటే నా చేత యాభైసార్లు రాయించింది. శ్రత్, ధా, రెండు కలిస్తే శ్రద్ధ, రెండోది 'ధ' కాబట్టి ఒత్తు పోకూడదు. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. రాయడం మాత్రం అదీ.

ప్రూఫ్ ఫోన్లో చూడకండి. ప్రింట్ తీసి, ఈ విషయంతో సంబంధం లేని మనిషికిచ్చి, చివర్నుంచి ఒక్కో మాటా చదివించండి. పెద్ద అక్షరాలే ముందు చూడమనండి, ఎవరూ చూడనివి అవే.

కాగితాలు దాచేద్దామన్నాను. అక్క ఒప్పుకోలేదు. "కింద చిన్న గీత పెడితే చాలు కదరా" అంది. నిజంగానే అంతే, 'ద' ఒత్తు కింద ఒక్క గీత. ఆ ఎర్ర పెన్నావిడ ఒక కట్ట తీసుకుని వెనక వరసలో కూర్చుంది. ఇంకో ముగ్గురు పెన్నులు తీశారు. పేపర్లు దిద్దినట్టే, ఒకరు తిప్పుతుంటే ఒకరు గీస్తున్నారు. సభ ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. నత్తి ఉండేదన్నాయన దిద్దిన కాగితాలు లెక్కపెడుతూ, "ఇంకో యాభై ఉన్నాయి టీచర్" అన్నాడు, పక్కావిడతోనే లెండి.

నా ప్రసంగం ఆరు నిమిషాలు. ఏం మాట్లాడానో పెద్దగా గుర్తులేదు.

నిన్న ట్రంకు పెట్టె మళ్ళీ తెరిచాం. అడుగున నేను హాస్టల్ నుంచి రాసిన ఉత్తరాలున్నాయి. ప్రతిదాంట్లో ఎర్ర సిరా. "విద్యార్ది" కింద గీత, పక్కన "థి". చివర పదికి ఆరు. ఒక్కటీ నాకు తిప్పి పంపలేదు, ఇలా దిద్దిందని నాకు తెలియనే తెలియదు. అక్కకి ఎనిమిది వచ్చేవట. చూపించమంటే ఎక్కడో పెట్టానంటోంది.