దివాలా కేసుల వకీలుగా నా ప్రయాణం

మా బ్యాచ్ చదివే రోజుల్లో దివాలా చట్టమంటే సిలబస్‌లో చివరి యూనిట్. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం నుంచి పరీక్షలో ఒక ప్రశ్న వస్తే రావచ్చు, లేకపోతే లేదు. క్లాసంతా సివిల్, క్రిమినల్ వైపే మొగ్గు. కంపెనీ లా మాస్టారు మాత్రం “బ్యాలెన్స్ షీట్ చదవడం నేర్చుకోండ్రా, ఎప్పటికైనా అన్నం పెడుతుంది” అనేవారు. ఆ మాట పట్టుకునే నేనిటు వచ్చాను.

ప్రాక్టీసు కొత్తలో ఖాయిలా కంపెనీలన్నీ ఢిల్లీలో బీఐఎఫ్ఆర్ (ఖాయిలా పరిశ్రమల పునరుద్ధరణ బోర్డు) ముందు ఉండేవి. 1985 నాటి ఖాయిలా పరిశ్రమల చట్టం కింద విచారణ మొదలైందంటే అప్పులవాళ్ల దావాలు ఆగిపోయేవి, యాజమాన్యం మాత్రం కుర్చీ వదిలేది కాదు. ఏళ్లు గడిచేవి, యంత్రాలు తుప్పు పట్టేవి. 2016 దివాలా స్మృతితో ఆ తీరు మారింది. పిటిషన్ అడ్మిట్ అయితే దావాలు ఇప్పటికీ ఆగుతాయి, కానీ కంపెనీ డైరెక్టర్ల బోర్డు అధికారాలు రిజల్యూషన్ ప్రొఫెషనల్ (కేసు నడిచినన్నాళ్లూ కంపెనీని నడిపే నిపుణుడు) చేతికి వెళతాయి. పరిష్కారం తేలడానికి గడువు 180 రోజులు, పొడిగిస్తే మరో 90. కోర్టు వ్యాజ్యాల కాలం కలిపి 330 రోజులని 2019లో సవరించారు. ఆచరణలో అదీ దాటుతోంది, ఆ ఆలస్యం ఖరీదు కట్టేది ఎక్కువగా కార్మికులే.

ఈ స్మృతి కింద దేశంలోనే మొదట ఆమోదం పొందిన పరిష్కార ప్రణాళిక (కంపెనీని నిలబెట్టి అప్పులు తేల్చే పథకం) మన విశాఖ కంపెనీ సినర్జీస్ డూరేది. 2017 ఆగస్టులో జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ హైదరాబాద్ బెంచ్ ఆ ఆమోదం ఇచ్చింది. రుణదాతలకు దక్కింది బాకీలో సుమారు ఆరు శాతమే. అంత తక్కువేమిటని చాలామంది మండిపడ్డారు. నాకైతే అది ఆలస్యం తినేసిన సొమ్ము లెక్కగానే కనిపించింది. కంపెనీ తనంతట తానే 10వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కు ముందుగా రావచ్చు. కానీ ఐపీ పెట్టాడంటే మనిషి తలెత్తుకోలేడన్న భయం మనలో ఇంకా పోలేదు. అంతా అయిపోయాకే వకీలు గుర్తొస్తాడు.

నా మనసు నిలిచేది క్లెయిముల దగ్గర, అంటే రావాల్సిన బాకీ కోసం పెట్టుకునే దరఖాస్తుల దగ్గర. మూతపడ్డ ఒక నూలు మిల్లు కేసులో ఒక పెద్దాయన పాలిథిన్ కవరులో జీతం చీటీలు తెచ్చాడు. సిరా వెలిసిపోయింది. కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి ఒక్కొక్కటీ చదివి కార్మికుల క్లెయిముకు వాడే ఫారం-డి నింపాం. “మా పీఎఫ్ కూడా బ్యాంకోళ్లే పట్టుకుపోతారా సార్?” అని అడిగాడాయన. పట్టుకుపోలేరు. పీఎఫ్, పింఛను, గ్రాట్యుటీ నిధుల నుంచి కార్మికుడికి రావాల్సింది లిక్విడేషన్ ఆస్తిలో (కంపెనీ మూసేశాక అమ్మి అప్పులవాళ్లకు పంచే ఆస్తిలో) కలవదని 36వ సెక్షన్ చెబుతోంది. ఆ సొమ్ము ఎవరికి ముందు పంచాలో చెప్పే 53వ సెక్షన్‌లో కార్మికుల 24 నెలల బకాయిలు తాకట్టు ఉన్న రుణదాతలతో సమాన వరుసలో ఉన్నాయి. మొత్తం స్మృతిలో నాకు అన్నిటికన్నా నచ్చిన వరుస అదే.

నచ్చనిదీ ఉంది. 2020 మార్చిలో దివాలా పిటిషన్ వేయడానికి ఉండాల్సిన కనీస బాకీ పరిమితిని లక్ష నుంచి కోటికి పెంచారు. కరోనా వేళ చిన్న కంపెనీలను కాపాడటానికే పెంచినా, సరుకిచ్చి డబ్బు రాని చిన్న సప్లయర్లకు ఈ తలుపు మూసుకుపోయింది. వాళ్లకిప్పుడు నేను ముందే కాగితాలు పక్కాగా రాసుకోమని చెబుతున్నాను: పర్చేజ్ ఆర్డరు, సరుకు ముట్టినట్టు సంతకం, బాకీ ఒప్పుకున్న ఈమెయిలు. నా ప్రాక్టీసులో సగం ఈ పనే.

ఫైనల్ ఇయర్ పిల్లలెవరైనా క్లెయిముల పని దగ్గరుండి చూడాలనుకుంటే సెలవుల్లో మా ఆఫీసుకు రావచ్చు. చేతిరాతలో ఉన్న పాత తెలుగు హాజరు పట్టీలు చదవగలిగేవాళ్లు మాకెప్పుడూ తక్కువే.