గోల్ఫ్ హ్యాండిక్యాప్ 27.4 నుంచి 24.1కి, లెక్కలతో సహా

డాలస్‌లో శనివారం పొద్దున్నే మా తెలుగువాళ్లం నలుగురం కలిసి గోల్ఫ్ ఆడతాం. ఈ వారం నా ఇండెక్స్, అంటే హ్యాండిక్యాప్ అంకె (ఎంత తక్కువైతే అంత మంచిది), 24.1కి దిగింది, చాలా సంతోషంగా ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది హ్యాండిక్యాప్ అంటే సగటు స్కోరు అనుకుంటారు. 2020 నుంచి నడుస్తున్న పద్ధతిలో చివరి 20 రౌండ్లలో బాగా ఆడిన 8 మాత్రమే సగటుకి తీసుకుంటారు, అంటే బాగా ఆడిన రోజు మీరు ఎంతవరకు ఆడగలరో అది చెబుతుంది. నాలుగైదు రౌండ్లకి ఒకసారి ఆ స్థాయిలో ఆడితే చాలు, కాబట్టి ఒక రౌండ్ చెడిందని టెన్షన్ పడక్కర్లేదు.

మొదలుపెట్టడానికి 54 హోల్స్, అంటే 18 హోల్స్ రౌండ్లు మూడు, ఆడితే సరిపోతుంది. నా మొదటి మూడు డిఫరెన్షియల్స్ (ఒక్కో రౌండ్ స్కోరుని కోర్సు కష్టాన్ని బట్టి సర్దిన అంకెలు, సగటుకి తీసుకునేవి ఇవే) 33.2, 31.0, 29.4. వాటిలో తక్కువదాంట్లోంచి 2 తీసేస్తే 27.4 వచ్చింది.

ఈ డిఫరెన్షియల్ ఎలా వస్తుందంటే, స్కోరులోంచి కోర్స్ రేటింగ్ (బాగా ఆరితేరిన ఆటగాడికి అక్కడ వచ్చే స్కోరు) తీసేసి, 113తో గుణించి, స్లోప్‌తో (మామూలు ఆటగాళ్లకి ఆ కోర్సు ఇంకెంత కష్టమో చెప్పే అంకె) భాగించాలి. ఈ రెండు అంకెలూ స్కోర్‌కార్డులో ఒక్కో టీకి (మొదటి షాట్ కొట్టే చోటు) విడిగా రాసి ఉంటాయి. మేం మామూలుగా ఆడేచోట రేటింగ్ 70.8, స్లోప్ 126, అక్కడ 98 కొడితే 24.4 వచ్చింది. ఇంకోచోట 72.6, 138 ఉన్న కోర్సులో 101 కొడితే 23.3! మూడు షాట్లు ఎక్కువైనా లెక్కలో అదే మంచి రౌండ్. అందుకే కష్టమైన కోర్సంటే వెనక్కి తగ్గొద్దని మావాళ్లకి ఎప్పుడూ చెబుతుంటాను.

ఇంకోటి, ఒక్క హోల్ పాడైతే మొత్తం మునిగిపోదు. 24.1 ఇండెక్స్‌ని మా కోర్సు స్లోప్‌తో గుణించి 113తో భాగించి, రేటింగ్‌లోంచి పార్ (కోర్సుకి నిర్ణయించిన షాట్ల లెక్క) 72 తీసేస్తే వచ్చే -1.2 కలిపితే కోర్స్ హ్యాండిక్యాప్, అంటే ఆ కోర్సులో నాకు దొరికే అదనపు షాట్లు, 26 అవుతుంది. అంటే ప్రతి హోల్‌కీ ఒక అదనపు స్ట్రోక్ (షాట్), కష్టమైన ఎనిమిదింటికి రెండు. కష్టంలో 12వ స్థానంలో ఉన్న పార్ 4లో రెండు బంతులు నీళ్లలోకి పోయి 10 అయినా, హ్యాండిక్యాప్ కోసం పార్ 4 ప్లస్ 2 ప్లస్ ఆ హోల్‌కి దొరికే స్ట్రోక్ 1, అంటే 7 వేసుకుంటాం. పందెం స్కోరు మాత్రం 10 గానే ఉంటుంది, అది వేరే సంగతి.

అమెరికాలో ఒంటరిగా ఆడిన రౌండ్ లెక్కకి రాదు, తోడు ఒక్కరైనా ఉండాలి. ఆడిన రోజే యాప్‌లో ఎక్కించండి, ఎందుకంటే గాలికో వానకో అందరి స్కోర్లూ పెరిగిన రోజైతే ఆ సర్దుబాటు ఆ రాత్రే జరుగుతుంది.

నా మంచి ఎనిమిదిలో రెండు పాతవి, కొత్త స్కోర్లు పడేకొద్దీ 20 లోంచి జారిపోతాయి. అప్పుడు ఫర్వాలేదనిపించేలా ఆడినా ఇండెక్స్ పెరగొచ్చు. అందుకే వచ్చే నెలంతా డ్రైవర్ (దూరం కొట్టే క్లబ్) పక్కన పెట్టి 50 గజాల లోపు షాట్లు, పటింగ్ (బంతిని హోల్‌లోకి దొర్లించడం) మీదే ఉంటాను.